ఏడుపేటల హారం, మనిషితో సహా

ఆ రోజు పొద్దున్న ఆకాశం మీగడ కట్టిన పాలలా ఉంది. మబ్బు ఒకే మందాన పరుచుకుని, వాన కురవనివ్వకుండా, ఎండ దిగనివ్వకుండా ఊరి మీద కూర్చుంది. రైతుకు పనికిరాని ఆకాశం. ముత్యాలు చూసేవాడికి మాత్రం అంత మంచి ఆకాశం ఏడాదికి పదిసార్లు దొరకదు. ఎండలో అన్ని ముత్యాలూ మెరుస్తాయి. దీపం కింద గాజుపూస కూడా మెరుస్తుంది. మబ్బు వెలుతురులోనే ఏ ముత్యంలో నిగ్గు ఉందో, ఏ ముత్యంలో లేదో తెలిసిపోతుంది. పోలయ్య ఆ సంగతి తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, తండ్రి తాత దగ్గర. ముగ్గురూ సూరమ్మపేట దివాణంలో ముత్యాలు గుచ్చి బతికినవాళ్ళే.

దివాణం పోయాక పోలయ్యకు గుచ్చడానికి ముత్యాలు లేవు. పెళ్ళివారి నల్లపూసలు గుచ్చుకుంటున్నాడు. అరుగు మీద కూర్చుని ఆ పనిలో ఉండగా జీపు వచ్చి ఆగింది.

దిగినాయన దివాణం మ్యూజియం క్యూరేటరు మహంతి లోకనాథం గారు. చెప్పులతో అరుగు ఎక్కబోయి, ఆగి, చెప్పులు విప్పి ఎక్కారు. ఈయనకు ఏదో పెద్ద అవసరమే పడిందనుకున్నాడు పోలయ్య.

"పోలయ్యా, ముత్యాలు పోతున్నాయయ్యా."

"దొంగలా బాబూ?"

"దొంగలైతే బాగుణ్ణు. ఫిర్యాదిచ్చి ఊరుకుందును. ఉన్నచోటే ఉండి పోతున్నాయి."

సూరమ్మపేట ఆఖరి రాణీగారు పోతూపోతూ నగల పెట్టెలు ప్రభుత్వానికి రాసిచ్చారు. ప్రభుత్వం దివాణానికి సున్నం వేసి మ్యూజియం అని బోర్డు పెట్టింది. ఆ నగలన్నిటికీ తలమానికం ఏడుపేటల హారం. వెయ్యిన్నొక్క ముత్యాలు, అడుగున పతకం. పతకం నడిమిని చింతగింజంత రవ్వ, దాని చుట్టూ జొన్నగింజలంత రవ్వలు. రిజిస్టరులో దాని నెంబరు నలభై ఒకటి. దాన్ని గాజుపెట్టెలో పెట్టి, పెట్టెలోకి చల్లగాలి వదిలి, నాలుగు దీపాలు, రెండు కెమెరాలు బిగించారు. రెండేళ్ళు తిరిగేసరికి రవ్వలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ముత్యాలు మాత్రం ముసలివాళ్ళ పళ్ళ రంగుకు వచ్చాయి. "ముత్యముల కాంతి తగ్గుటకు బాధ్యులెవరో మూడు దినములలో తెలుపవలెను" అని రాజధాని నుంచి లోకనాథం గారికి కాగితం వచ్చింది.

మాట్లాడటం పోలయ్యకు పెద్దగా అలవాటు లేదు. దారం కొస నోట్లో తడిపి, సూదిలోకి ఎక్కించి, అప్పుడు అన్నాడు.

"ముత్యం ఒంటిమీదుండాల బాబూ. పెట్టిలో ఎడితే సచ్చిపోద్ది."

"మరి రాణీగారు కూడా ఏడాదికి నాలుగుసార్లేగా పెట్టుకునేవారు?"

పోలయ్య ఇంట్లోకి చూశాడు. లోపల అతని భార్య నూకాలు మినప్పప్పు రుబ్బుతోంది.

ఆ చూపులో ఉన్న సంగతి దివాణంలో అందరికీ తెలుసు, దివాణం బయట ఎవరికీ తెలియదు. రాణీగారు ఆ హారం దసరా దర్బారుకీ, ఇంకో మూడు పండగలకీ పెట్టుకునేవారు. మిగతా ఏడాదంతా వంటసాల్లో నూకాలు దాన్ని మెడలో వేసుకుని, పైట కింద దాచుకుని, పిండి రుబ్బేది, కారం దంచేది, పెరుగు చిలికేది. నూకాలుకు ముందు ఆమె అత్త వేసుకునేది. పనిచేసే ఒంటి సెగ ముత్యాలకు తగిలించే ఆ పనికి సెగ పని అని పేరు. దర్బారు నాడు పొరుగు సంస్థానాల దొరసానులు వచ్చి, ముత్యాలు ఇంత నిగనిగలాడుతున్నాయంటే రాణీగారి ఒంటి చలవే అని మెచ్చుకునేవాళ్ళు. రాణీగారు చిన్నగా నవ్వేవారు. అది నూకాలు ముప్ఫై ఏళ్ళు రుబ్బిన నిగ్గు.

*

వారం తిరక్కుండా రాజధాని నుంచి డైరెక్టరు గారు కమిటీతో సహా వచ్చారు. పోలయ్య దగ్గర రాబట్టి లోకనాథం గారు రాసిన సంగతి చదివి నూకాలును పిలిపించారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఓ పూట పనే కదా అని పొయ్యి మీద పప్పు పెట్టి, చూస్తూండమని మొగుడికి చెప్పి వచ్చింది.

డైరెక్టరు గారు నిబంధనల పుస్తకం తెరిచారు.

"ప్రదర్శిత వస్తువును ఏ వ్యక్తియు తాకరాదు. ఇది పద్నాలుగో నిబంధన. లోకనాథం గారూ, ఈమె వ్యక్తియేనా?"

"వ్యక్తేనండి."

"అయితే తాకరాదు."

"తాకకపోతే నిగ్గు పోతుందండి."

"నిగ్గు పోరాదు. అది తొమ్మిదో నిబంధన."

కమిటీ ఆలోచించింది. ఉప్మా తింటూ ఆలోచించింది, టీ తాగుతూ ఆలోచించింది. నూకాలు గోడవార నిలబడి, ఉప్మాలో అల్లం తక్కువైందని వాసన బట్టి గ్రహించింది. చివరికి డైరెక్టరు గారి ముఖం విప్పారింది.

"ఒక వస్తువును మరొక వస్తువు తాకుటకు అభ్యంతరం ఉన్నదా?"

లోకనాథం గారు పుస్తకం తిరగేశారు. "లేదండి. కత్తి ఒరలోనే ఉందండి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"అయితే ఈమెను వస్తువుగా నమోదు చేయండి."

రిజిస్టరులో నలభై ఒకటి కింద కొంచెం జాగా ఉంది. అందులో నలభై ఒకటి బై అ అని వేసి లోకనాథం గారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: "హారమునకు ఆధారముగానుండు స్త్రీ, ఒకటి. స్థానికము. పురాతనము. బరువు యాభై రెండు కిలోల మూడు వందల గ్రాములు. స్థితి: బాగున్నది. ఎడమ మోకాలు కొంత అరిగినది."

"ఏటి బాబూ అంతసేపు రాస్తన్నారు?" అంది నూకాలు.

"నీ గురించేనమ్మా."

"పేరు నూకాలని రాయండి. నూకాలమ్మ అని రాసీగలరు జాగర్త, ఆ యమ్మ గ్రామదేవత."

పేరుకు గడి లేదని లోకనాథం గారు ఆమెకు చెప్పలేదు. వేలిముద్ర వేయించుకున్నారు. హారం మెడలో వేశారు. రెండేళ్ళ తర్వాత ఆ బరువు మెడ మీద పడేసరికి నూకాలు కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి. వెంటనే చెమ్మ తుడవమని కమిటీ ఆదేశించింది. తేమ ముత్యాలకు పడదట.

సాయంత్రం అయిదింటికి ఆమె హారం తీసిస్తానంటే, అలా తీయడానికి లేదన్నారు. సరే, రేపు మాట్లాడుకుందాం, నేను ఇంటికి పోతానని గేటు దాకా నడిచింది. గేటు దగ్గర కాపలా కానిస్టేబులు జగ్గారావు తుపాకీ అడ్డం పెట్టాడు.

"పిన్నీ, నువ్వెల్లకూడదు."

"ఏటిరా? పొయ్యి మీద పప్పెట్టి వచ్చినాను."

"వస్తువు బయటికెల్లాలంటే గేటు పాసుండాల. పాసు మీద ముగ్గురు సంతకమెట్టాల. నువ్వు నలపై ఒకటి బై అ."

"ఒరే జగ్గారావూ, నీకు బొడ్డు కోసింది మా అత్తరా!"

"అందుకే గదా పిన్నీ అంటన్నాను. లేకపోతే నెంబరు పెట్టే పిలవాల." జగ్గారావు గొంతు తగ్గించాడు. "నీ ఎనక్కాల కెమేరా చూస్తంది. లోనికెల్లిపో."

పోలయ్య ఇంటి దగ్గర పప్పు మాడేదాకా చూశాడు. మాడాక దింపాడు. దింపి, తినకుండా పడుకున్నాడు.

*

నూకాలును గాజుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కుర్చీ ముందు "ముట్టుకొనరాదు" అని ఒక పలక, "మాట్లాడించరాదు" అని ఇంకో పలక. చింతపండు తినకూడదు, చెమటకు పులుపు వస్తుంది. నవ్వకూడదు, హారం కదులుతుంది. సోమవారం మ్యూజియానికి సెలవు కాబట్టి సోమవారం ఆమె మీద గుడ్డ కప్పుతారు.

ఊళ్ళోవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. ఎదురింటి సన్నెమ్మ గాజుకు ముక్కు ఆనించి అరిచింది.

"ఓలె నూకాలూ! మా రోకలి నీ కాడుండిపోనాది, ఎప్పుడిస్తావే?"

నూకాలు పలక్కూడదేమోనని కళ్ళతో ఇంటివైపు చూపించింది.

"అబ్బో, ముత్యాలేస్తే మాటే లేదు!" అని మూతి తిప్పుకుని వెళ్ళింది సన్నెమ్మ.

పోలయ్య కూడా రోజూ టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాడు. గాజుకు ఇవతల నిలబడేవాడు. ఆమె అతన్ని చూసేది, అతను ఆమెను చూసేవాడు. మాట్లాడించరాదన్న పలక వాళ్ళిద్దరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపరంలో వాళ్ళు మాట్లాడుకున్నదంతా కలిపితే ఒక మధ్యాహ్నం పట్టదు. కానీ పొద్దున్నా సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. అది లేకపోయేసరికి ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టుంది. అతను ఆమె బుగ్గలు చూశాడు, పీక్కుపోతున్నాయి. ఆమె అతని చొక్కా చూసింది, గుండీ తెగి ఉంది.

ఇంకొకటి కూడా చూశాడు పోలయ్య. నెల గడిచినా ముత్యాలకు నిగ్గు రాలేదు.

లోకనాథం గారికీ అది కనిపించింది. ఆయన పోలయ్యను పక్కకు పిలిచి, "మనిషి ఉంది, హారం ఉంది, ఒంటి మీదే ఉంది. నిగ్గేదయ్యా?" అన్నారు.

"ఊరికే కూకుంటే సెగెక్కడిది బాబూ? రాణీగోరు కూకునుండీవారు. ఈవిడ పని సేసీది." అని, "ఇంటికంపీయండి. పని సేసుకుంటాది. సూర్యాస్తమానం కల్లా నానే తెచ్చి దిగబెడతాను" అన్నాడు. పోలయ్య ఆ నెలలో ఆడిన మాటల్లో అదే పొడవైనది.

లోకనాథం గారు మొదటి సగం రాజధానికి రాశారు. రెండో సగానికి నిబంధన లేదు. పదిహేను రోజుల్లో రాజధాని నుంచి లారీలో రుబ్బురోలు వచ్చింది. గాజుగదిలో దాన్ని ప్రతిష్ఠించారు. నూకాలు చీర చెంగు దోపి కూర్చుంది.

"పప్పేది బాబూ?"

"పప్పు పెట్టకూడదమ్మా. పప్పుకు పురుగు వస్తుంది, పురుగు పతకానికి పడుతుంది."

"రవ్వకి పురుగు పడతాదేటి బాబూ?"

"పడదని రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు."

"మరేటి రుబ్బమంటారు?"

"రుబ్బడమే."

ఆ రోజు నుంచి నూకాలు ఉత్త రోలు రుబ్బింది. పది నుంచి అయిదు దాకా, మధ్యలో అరగంట విరామం. రాయి రాతిని ఒరుసుకుని దివాణమంతా గరగరమనేది. నిగ్గు మాత్రం వచ్చింది. మూడో వారానికి ముత్యాలు పాలపొంగులా తేరుకున్నాయి. డైరెక్టరు గారు ఫోటో తీయించారు. ఫోటోలో మెడ నుంచి నడుము దాకానే ఉంది, ముఖం పరిధిలోకి రాలేదు. ఆ ఫోటోతో అన్ని మ్యూజియాలకూ సర్క్యులరు వెళ్ళింది: "ప్రాచీన వస్తువులను వాటి అసలు వినియోగములో ఉంచుట ద్వారా సంరక్షించవలెను." మూడు నెలల్లో ఒకచోట పల్లకీ కింద బోయీలను నమోదు చేశారు. పల్లకీ కదలరాదు కాబట్టి వాళ్ళు నిలబడ్డచోటే అడుగులు వేసేవాళ్ళు. ఇంకోచోట సింహాసనానికి తగిన మనిషి దొరక్క ప్రకటన ఇస్తే నాలుగు వేల దరఖాస్తులు వచ్చాయి. విసనకర్రలకు విసిరేవాళ్ళను పెట్టాక, విసిరించుకునేవాళ్ళను పెట్టాలా వద్దా అన్న ఫైలు ఇంకా నలుగుతోంది.

*

ఏడాది చివర వస్తువుల తనిఖీకి సుదర్శనాచారి గారనే ఆయన వచ్చారు. ఆయన చేతిలో త్రాసు తప్ప ఏమీ లేదు, ఆయన ముఖంలోనూ అంతే. ఒకటో నెంబరు నుంచి మొదలుపెట్టి తూచుకుంటూ వచ్చారు. నలభై ఒకటి సరిగ్గా ఉంది. నలభై ఒకటి బై అ ని ఆఫీసులోని నిలువెత్తు త్రాసు మీదికి ఎక్కించారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"రిజిస్టరు ప్రకారం యాభై రెండు కిలోల మూడు వందలు. ప్రస్తుతం నలభై ఎనిమిది. నాలుగు కిలోల మూడు వందల గ్రాముల పురావస్తువు కనిపించడం లేదు. ఎక్కడ?"

లోకనాథం గారికి చెమట పట్టింది. "చిక్కిపోయిందండి."

"చిక్కుట అనేది నష్టమా, దొంగతనమా?"

"నాను తినక పోనాది బాబూ," అంది నూకాలు త్రాసు మీంచే.

"ఎందుకు తినలేదు? రోజూ రెండు పొట్లాలు ఇస్తున్నట్టు ఇక్కడ ఉన్నదే."

నూకాలు కింద పలక వైపు చూసింది. వస్తువు మాట్లాడరాదని లేదు, వస్తువును మాట్లాడించరాదని మాత్రమే ఉంది. అందుకని చెప్పింది.

"అద్దాల గదిలో కూకుని, జనం సూస్తంటే, ఒక్కదాన్నీ ఎలగ తింటాను బాబూ? ఆడు తిన్నాడో లేదో తెలకుండా నాకు ముద్ద దిగదు."

"ముద్ద దిగుటకు భర్త అవసరమని నిబంధనల్లో ఎక్కడా లేదు," అన్నారు సుదర్శనాచారి గారు రాసుకుంటూ.

లోకనాథం గారు ఆ మధ్యాహ్నం ఒక ప్రయత్నం చేశారు. లోటు భర్తీకి నూకాలు నడుముకు నాలుగు కిలోల ఇసుక మూట కట్టిస్తే సరిపోతుందేమోనని అడిగారు. ఇసుక ఆధునికమని ఆచారి గారు తోసిపుచ్చారు. పురాతన వస్తువులో ఆధునిక పదార్థం కల్తీ కిందికి వస్తుందట.

పది రోజుల్లో రాజధాని నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి: కనిపించకుండా పోయిన నాలుగు కిలోల మూడు వందల గ్రాముల గురించి విచారణ జరపాలి, టిక్కెట్ల పుస్తకం ప్రకారం ప్రతిరోజూ వచ్చి, ఆ వస్తువు ఎదుట అనుమానాస్పదంగా నిలబడుతున్నవాడు పోలయ్య అను ఒకడున్నాడు, అతనిని ప్రశ్నించాలి. రెండోది: సూరమ్మపేటలో ఆ వస్తువుకు భద్రత లేదు కనుక నలభై ఒకటి, నలభై ఒకటి బై అ, ఈ రెండింటినీ నెలాఖరులోగా రాజధాని కేంద్ర మ్యూజియానికి తరలించాలి. చెక్కపెట్టెలో గడ్డి పరిచి, ఊపిరికి రంధ్రములుంచి, "ఈ వైపు పైకి" అని రాసి పంపాలి.

పెట్టె చేయడానికి వడ్రంగి వచ్చి నూకాలు కొలతలు తీసుకున్నాడు. గాజుకు ఇవతల నిలబడి పోలయ్య ఆ కొలతలు చూశాడు. వడ్రంగి అయిదడుగుల చోట గుర్తు పెట్టాడు. రాజధాని ఎంత దూరమో పోలయ్యకు తెలియదు. టిక్కెట్టు కొనుక్కుని రోజూ పోయి రాగలిగిన దూరం కాదని మాత్రం తెలుసు.

నూకాలు ఆ పూట రుబ్బడం ఆపేసింది. రోలు పొత్రం మీద చెయ్యి వేసి అలా కూర్చుంది. గరగర ఆగేసరికి దివాణంలో అందరూ పనులు మాని చూశారు.

పోలయ్య ఆమె ముఖం చూశాడు. ముఖం నుంచి మెడకు, మెడ నుంచి పేటలకు చూపు దించాడు. అక్కడ ఆగాడు. చాలాసేపు చూశాడు. ఆ రోజు కూడా మబ్బు పట్టే ఉంది, వెలుతురు బాగుంది.

మర్నాడు లోకనాథం గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"విచారణకా? అప్పుడే వచ్చావేం, ఎల్లుండి కదా రమ్మన్నది?"

"దారం సివికిపోనాది బాబూ."

"ఏ దారం?"

"హారంది. నాలుగో పేట, ఎడం పక్క. ఏటేటా నాను మార్సీవాణ్ణి. మూడేళ్ళయింది మార్సి. పెట్టి కుదిపితే తెగుద్ది. తోవలో తెగితే ఎయ్యిన్నొక్క ముత్యం ఏరాల."

లోకనాథం గారు కుర్చీలోంచి లేచారు. వెయ్యిన్నొక్క ముత్యాలు రాజధాని రోడ్డు మీద దొర్లుతున్నట్టు, తను వెనకాల వంగి ఏరుతున్నట్టు, సుదర్శనాచారి గారు పక్కన నిలబడి లెక్కపెడుతున్నట్టు ఆయన కళ్ళకు కట్టింది.

"అయితే ఇప్పుడే మార్చెయ్యవయ్యా!"

"సామానంతా ఇంటి కాడున్నాది. మా తాత నాటి పీట. అది కదపకూడదు."

నిబంధనల పుస్తకం తెరుచుకుంది. లోకనాథం గారు వేలుపెట్టి చదువుకుంటూ పోయారు. ముప్ఫై రెండో నిబంధన దగ్గర వేలు ఆగింది. "మరమ్మతుకు వెళ్ళు వస్తువును పనివాని స్థలమునకు పంపవచ్చును. వస్తువును విడదీయరాదు. అనుబంధ వస్తువులన్నిటితో సహా పంపవలెను."

ఆయన పుస్తకంలోంచి తలెత్తి పోలయ్యను చూశారు. పోలయ్య కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"అనుబంధం అంటే... నలభై ఒకటి బై అ కూడా..."

"నాకేటి తెలుసు బాబూ. మీరు సదువుకున్నోరు."

గేటు పాసు మీద ముగ్గురూ సంతకం పెట్టారు. పాసులో ఇలా ఉంది: "ఏడుపేటల హారం ఒకటి, మనిషితో సహా. మరమ్మతు నిమిత్తం. మరమ్మతు పూర్తికాగానే వాపసు." కాపలాగా జగ్గారావును జత చేశారు. అతను తుపాకీ భుజాన వేసుకుని, వస్తువు వెనకాల నాలుగడుగుల దూరంలో నడిచాడు. వస్తువు తోవలో సన్నెమ్మ ఇంటి ముందు ఆగి, "రోకలి అటక మీదుందే, ఎవుల్నయినా అంపు" అని కేకేసి, తన ఇంట్లోకి వెళ్ళి, ముందు పొయ్యి అలికింది.

*

పోలయ్య హారం దారాలు తెంపాడు. నాలుగో పేట నిజంగానే చివికి ఉంది. మిగతా ఆరు ఇంకో పదేళ్ళు ఆగేవే, వాటినీ తెంపాడు. ముత్యాలు చేటలో పోశాడు. జగ్గారావు లెక్కపెట్టాడు, వెయ్యిన్నొకటి. మొదటిసారి తొమ్మిది వందల తొంభై ఎనిమిదే వచ్చాయి. మంచం కింద మిగతా మూడూ దొరికేదాకా అతని ప్రాణం నిలవలేదు.

ఆ తర్వాత పోలయ్య ఆఫీసుకు కాగితం రాయించాడు. గుచ్చడానికి పట్టుదారం కావాలి. ఏడు పోగులు చేత్తో పేనినది, మైనం పట్టించినది, మీగడ రంగుది. సంస్థానం హారానికి సంస్థానం దారమే వాడాలి. వేరే దారం వాడితే, ఇసుక సంగతి ఆచారి గారే చెప్పారు కదా, కల్తీ అవుతుంది.

కాగితం లోకనాథం గారు రాజధానికి పంపారు. రాజధాని దారం కొనడానికి ఒప్పుకుంది. మూడు చోట్ల నుంచి ధరల కాగితాలు తెప్పించాలంది. ప్రకటన వేశారు, ఎవరూ రాలేదు. రెండోసారి వేశారు. ఒక చేపల వలల కంపెనీ వచ్చింది, దాన్ని తిరగ్గొట్టారు. ఆ దారం పేనేవాడు ఈ ప్రాంతంలో ఒక్కడే ఉన్నాడని చివరికి విచారణలో తేలింది. అతని పేరు పోలయ్య. కానీ మరమ్మతు చేసేవాడే సామాను అమ్మరాదని ముప్ఫై నాలుగో నిబంధన. పైగా ఒక్కడు మూడు కాగితాలు ఇవ్వరాదు. "దారము లభించువరకు వస్తువులను యథాస్థితిలో ఉంచవలెను" అని డైరెక్టరు గారు రాశారు. మూడో ప్రకటనకు ఫైలు కదిలింది. కదిలి ఎక్కడికి వెళ్ళిందో మళ్ళీ కనిపించలేదు. వడ్రంగి చేసిన పెట్టె మ్యూజియం వసారాలోనే ఉండిపోయింది. అందులో జగ్గారావు సైకిలు పెట్టుకుంటున్నాడు.

నూకాలు రోజూ పొద్దున్నే బియ్యం ఏరినాక, అదే చేతులతో ముత్యాల చేట ఒళ్ళో పెట్టుకుని కాసేపు కలియబెట్టేది. బియ్యప్పిండి చల్లి రుద్దేది. అంతకుముందు ఎప్పుడూ లేనంత నిగ్గు వచ్చింది వాటికి. రవ్వల పతకాన్ని ఉప్పుచేప జాడీ మూత మీద బరువుకు పెట్టింది. పిల్లి మూత తోయకుండా ఉంటోంది. "నలభై ఒకటి, పతకము: సురక్షితము" అని జగ్గారావు రోజూ పుస్తకంలో రాసుకునేవాడు.

మరమ్మతు ఎంతవరకు వచ్చిందో చూడటానికి లోకనాథం గారు వారానికోసారి రావాలి. వచ్చేవారు. మొదట్లో పదకొండింటికి వచ్చేవారు. క్రమంగా పన్నెండున్నరకు మారారు. ఆయనకు ఆ ఊళ్ళో ఇల్లూ వాకిలీ లేవు, హోటలు భోజనం. మొదటి నెల అరుగు మీదే నిలబడి, "దారం వచ్చిందా?" అని అడిగి, రాలేదని రాసుకుని వెళ్ళేవారు. రెండో నెల కూర్చుని మంచినీళ్ళు తాగారు. మూడో నెల నూకాలు అడక్కుండానే విస్తరి వేసింది.

ఆ రోజు త్రాసు కూడా జీపులో వచ్చింది. నూకాలును తూచారు. యాభై మూడు కిలోలు.

"ఏడు వందల గ్రాములు ఎక్కువ వచ్చింది," అన్నారు లోకనాథం గారు దిగాలుగా. "దీనికీ సంజాయిషీ రాయాలి."

"కొంచెం మీరూ అట్టుకుపొండి బాబూ," అంది నూకాలు, విస్తరి ముందుకు జరుపుతూ.

నలుగురూ నేల మీద కూర్చున్నారు. తుపాకీ తలుపు మూలకు ఆనించి జగ్గారావు కూడా కూర్చున్నాడు. వేడన్నం, చింతపండు ఎక్కువ వేసిన చేపల పులుసు. అన్నం ఆవిరి పైకి లేచింది. లోకనాథం గారు దాని వెంట తలెత్తి చూశారు.

ఎదురుగా గోడలో గూడు. గూట్లో దీపం బుడ్డి, అగ్గిపెట్టె. వాటి వెనకాల ఒక కర్రపుల్లకు చుట్టిన దారపు ఉండ. మీగడ రంగు. ఏడు పోగులు. మైనం పట్టించి ఉంది, వెలుతురు తగిలి సన్నగా మెరుస్తోంది. ఏడు పేటలు కాదు, పద్నాలుగు పేటలు గుచ్చడానికి సరిపోయే దారం.

లోకనాథం గారి చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది. ఆయన పోలయ్య వైపు చూశారు. పోలయ్య ముల్లు తీస్తున్నాడు. జగ్గారావు వైపు చూశారు. జగ్గారావు విస్తరి మీదికి ఇంకా కొంచెం వంగాడు. నూకాలు వైపు చూశారు. నూకాలు మొగుడి విస్తరి చూసింది, అతను మొదటి ముద్ద మింగేదాకా చూసి, తన ముద్ద కలుపుకుంది.

తర్వాత ఆమె గరిటెతో లోకనాథం గారి అన్నం మీద ఇంకో ముక్క వేసి, పులుసు పోసింది.

ఆయన తల దించుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. బయట మబ్బు అలాగే ఉంది. వాకిట్లో చేట నిండా ముత్యాలు. లోపల నలుగురూ ఒక్క మాట లేకుండా తిన్నారు.